ఇరవై నాలుగు యూనిట్ల సన్నగీత

ఎమ్మిగనూరు ప్రెస్సులో నా అక్షరాలతో తీసిన మొదటి ప్రూఫు చేతికి రాగానే తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కోపం వస్తే లెక్కపెట్టడం ఇంజనీరింగు చదివే రోజుల నుంచి నాకున్న అలవాటు. ఒకటి, అక్షరాలన్నిటినీ పక్కలకు నూట పదిహేను శాతం సాగదీశారు. రెండు, ప్రతి అక్షరం చుట్టూ పావు పాయింటు మందాన నల్లగీత చుట్టారు. మూడు, పుస్తకం పేరుకు నీడ పెట్టారు. నాలుగు, ఆ నీడకు రంగు వేశారు. ఐదు, నేను కావాలని వదిలిన అంచుల్లో పూలతీగ పాకించారు. ఆరు, తీగ నాలుగు మూలల్లో నాలుగు కలశాలు. ఏడో తప్పు దగ్గర లెక్క ఆపి కాగితాన్ని బల్ల మీద కొట్టాను.

"ఎవరు చేసినారన్నా ఇది?"

ప్రెస్సు యజమానికి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని నింపాదిగా నన్ను చూశాడు.

"నేనే సెప్పి సేయించినా. ఏం సామీ, బాగలేదా?"

కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తల తిప్పకుండానే అంది. "ఖాళీ శానా ఉన్నిందన్నా. ఖాళీ పెడితే గిరాకీ వచ్చి, ఈడ ఏమీ కొట్టలేదేమమ్మా అని అడుగుతారు."

"గిరాకీ నేనే. నేను అడగలేదు గదా."

"ఇప్పుడు నువ్వు అడగవన్నా. తర్వాత అడుగుతావేమో అని."

అది మా పెద్దమ్మ పుస్తకం. పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆదోనిలో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. ఆ పుస్తకం రాసింది ఆమె నాన్న, అంటే మా తాత. మంత్రాలయం దగ్గరి పల్లెలో బడిపంతులుగా చేస్తూ, ఉరుకుందలో వెలసిన ఈరన్నస్వామి కథను పదకొండు అధ్యాయాల వచనంగా రాశాడు. ఎప్పుడో ఒకసారి ఆదోనిలో సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేశారు. ఆ అచ్చు వేసింది ఈ ఎమ్మిగనూరు యజమాని వాళ్ల నాన్నే. తర్వాత ఆ ప్రెస్సు మూతపడింది. కొడుకు ఎమ్మిగనూరుకు వచ్చి ఆఫ్‌సెట్ మిషను పెట్టుకున్నాడు.

శ్రావణమాసంలో వచ్చే ప్రతి సోమవారం సాయంత్రం, ఆదోనిలో మా పెద్దమ్మ ఉండే వీధి ఆడవాళ్లు అక్కడి చిన్న ఆంజనేయస్వామి గుడిలో కూర్చుని ఈ కథ చదువుకుంటారు. దానికి కొన్ని నియమాలున్నాయి. మూసిన పుస్తకంలో కళ్లు మూసుకుని ఒక పువ్వు దూర్చాలి. పువ్వు ఎక్కడ పడితే ఆ అధ్యాయమే ఆ రోజు చదవాలి. చదివే మనిషి పుస్తకాన్ని తన చేతుల్లో పట్టుకునే చదవాలి. అధ్యాయం మధ్యలో ఆగకూడదు. ఆగితే పక్కనున్న మనిషి పుస్తకాన్ని తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. తీసుకున్న మనిషే ఆ ఏడాది ఇక చదవాలి. శ్రావణం చివర అందరూ బస్సెక్కి ఉరుకుంద పోయినప్పుడు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది కూడా ఆమే. పుస్తకం పోగొట్టుకున్న మనిషికి మరుసటి ఏడు మొదటి సోమవారం ఒక్క అవకాశం ఇస్తారు. అప్పుడూ ఆగిందంటే ఇక అడగరు.

ఇరవై రెండేళ్ల పాటు ఆ పుస్తకం పెద్దమ్మ చేతిలోనే ఉంది. పోయిన ఏడు రెండో సోమవారం ఐదో అధ్యాయంలో మూడుసార్లు ఆగింది. పక్కింటి ఆమె, పత్తి వ్యాపారం చేసే ఆయన భార్య, రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి చెయ్యి చాచింది. చాలా మర్యాదగానే చాచిందని పెద్దమ్మే నాతో చెప్పింది. మర్యాదగా అన్న మాట రెండుసార్లు అంది.

పెద్దమ్మ కంట్లో పొర ఉంది. ఆపరేషన్ అంటే శ్రావణం కానీ అంటుంది. శ్రావణం అయ్యాక కార్తీకం కానీ అంటుంది. దీని మీద నేను ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. లెక్క లేకపోవడం నాకు అరుదు.

కంటి పొర అటుంచితే, పుస్తకం కూడా అరిగిపోయింది. మిగిలిన ఒక్క కాపీ, పట్టుకుంటే పొడి రాలుతుంది. కొత్తగా అచ్చు వేయిస్తానని నేనే మాట ఇచ్చాను. నా పని అదే కదా. మెకానికల్ చదివి, ఆ ఉద్యోగం నచ్చక, నాలుగేళ్లుగా ఫాంట్లు గీస్తున్నాను. అయితే ఉన్న ఫాంట్లలో ఏదో ఒకటి పెట్టి కొట్టించడం నాకు ఇష్టం లేదు. ఆ పాత పుస్తకంలోని అక్షరాన్నే మళ్లీ గీయాలనుకున్నాను. ఏడాది పట్టింది.

ఆ అక్షరం గురించి చెప్పాలి. లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో అక్షరాల కొసలకు చిన్న పాదాలుంటాయి. వాటిని సెరిఫ్ అంటారు. నిలువుగీత లావుగా దిగి, కిందికి వచ్చేసరికి ఒద్దికగా పాదం మీద నిలబడుతుంది. లావుకూ సన్నానికీ మధ్య తేడా ఎంత చక్కగా కుదిరితే అక్షరం అంత నాజూకుగా ఉంటుంది. మన అక్షరాలు గుండ్రం. వాటికి కాళ్లు లేవు, పాదాలు పెట్టే చోటు లేదు. కానీ ఆ నాజూకుతనం మన సీసపు అక్షరాల్లోనూ ఉండేది, వేరే చోట్ల. తలకట్టు ఎడమ నుంచి పొట్టిగా దిగి, మలుపు దగ్గర బరువు తీసుకుని, కుడికి లేచి సూదిమొనలా ఆగుతుంది. గుండ్రానికి అడుగున లావు, పక్కలకు ఎక్కేకొద్దీ సన్నం. రెండు గుండ్రాలు కలిసే చోట అంతకంటే సన్నం. ఒత్తు కింద నిలబడినా పై అక్షరాన్ని మొయ్యదు, దానికి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు ఫోన్లలో కనిపించే అక్షరాలు మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంతో, రబ్బరు గొట్టం వంచినట్టు ఉంటాయి. ఈ అక్షరం అలా కాదు. దీన్ని ఊపిరి పీల్చి వదిలినట్టు గీశారు.

ప్రెస్సు యజమాని దగ్గర వాళ్ల నాన్న వాడిన సీసపు అక్షరాలు కొన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో మిగిలి ఉన్నాయి. ఏటా ఆయుధపూజ రోజు వాటికి పసుపు కుంకుమ పెడతాడు. అందులోని శ్రీని తీసి సిరా అద్ది, మిషను మీద ఎక్కే మొదటి కాగితం మీద ఒత్తుతాడు. ఆ తర్వాతే మిషను ఆన్ చేస్తాడు. ఆ డబ్బా అడిగి తెచ్చుకున్నాను. ఎన్నో ఏళ్ల కుంకుమ అక్షరాల సందుల్లో గట్టిపడి ఉంటే కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో కడిగాను. భూతద్దం కింద పెట్టి ఫోటోలు తీసి కొలిచాను. అక్షరం ఎత్తును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగాన్ని యూనిట్ అంటాం. లావుగీత తొంభై ఆరు యూనిట్లు. సన్నగీత ఇరవై నాలుగు. డబ్బాలో దొరకని అక్షరాల్ని పుస్తకం చూసి గీశాను. పుస్తకంలో సన్నగీతలు సీసంలో ఉన్నదానికంటే లావుగా కనిపించాయి. సిరా పాకిందిలే, పాత అచ్చు మురికి అనుకుని, అన్నిటినీ ఇరవై నాలుగుకు దించాను. పన్నెండు పాయింట్ల సైజులో ఆ గీత మిల్లీమీటరులో పదో వంతు. స్క్రీను మీద పెద్దది చేసి చూసుకుంటే నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని కూడా ఇక్కడ రాసి పెట్టడం న్యాయం.

ఫాంటుతో పాటు ఒక కాగితం మీద వాడకం నియమాలు రాసి ప్రెస్సుకిచ్చాను. వాడదగినవి: పుస్తకంలో వచనం, పద్యం, పీఠిక. వాడకూడనివి: ఫ్లెక్సీ, కరపత్రం, ఆటో వెనక అద్దం, బంగారు రంగులో పెళ్లిపత్రిక. ఫ్లెక్సీ అన్న మాట కింద రెండు గీతలు కొట్టాను. ప్రూఫు చూడ్డానికి వెళ్లిన రోజు ఆ కాగితం యజమాని బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టి ఉంది.

"సూడు సామీ," అన్నాడు యజమాని. "నీ అక్షరం శానా సన్నంగుండాది. మా మిషన్ మీద, ఈ కాగితం మీద నిలబడదు. గీత ఊరికే సుట్టలేదు నేను..."

చెప్పనివ్వలేదు. "సాగదీస్తే నిలువుగీత లావైతాది, అడ్డగీత అట్లే ఉంటాది. అక్షరం వంకర పోతాది. నీ ఫోటో పక్కలకు సాగదీసి గోడకు తగిలించుకుంటావాన్నా?"

"మా ఓనరన్న పెండ్లి ఫోటో అట్లే ఉండాదన్నా," అంది కంప్యూటరు అమ్మాయి. "ఫ్రేముకు చాల్లేదని సాగదీసినాం. వదినకు శానా నచ్చింది."

ప్రెస్సులో ఉన్నవాళ్లంతా నవ్వారు. యజమాని కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ అమ్మాయిని లేపి ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. రెండు రోజులు కూర్చున్నాను. సాగదీతలు తీసేశాను, చుట్టిన గీతలు తీసేశాను, నీడ, తీగ, కలశాలు అన్నీ తీసేశాను. ప్లేట్లు తీసేటప్పుడు కూడా పక్కనే నిలబడ్డాను. యజమాని ఇంకోసారి ఏదో చెప్పబోయాడు. "అన్నా, ఇది నా పని," అన్నాను. అంతటితో ఊరుకున్నాడు. వీధిలో వాళ్లంతా చందా వేసుకున్న పుస్తకం. మూడు వందల కాపీలు నేను చెప్పినట్టే, ఒక్క గీత చెదరకుండా అచ్చయ్యాయి.

శ్రావణం మొదటి సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా కట్టలు ఆటోలో వేసుకుని పెద్దమ్మ ఇంటికి చేర్చాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఒక పుస్తకం తీసి కళ్లకద్దుకుంది. పేజీ మీద వేలితో నిమిరింది.

"ముగ్గేసినట్లుందిరా," అంది.

"చదువు పెద్దమ్మా."

మొదటి అధ్యాయం తీసి చదివింది. గొంతు ఎక్కడా తొణకలేదు. నేను గోడకానుకుని, కళ్లు మూసుకుని, పావు నిమిషం సేపు లోకంలోకెల్లా సంతోషంగా ఉన్న మనిషిని అయ్యాను. కళ్లు తెరిచి చూసేసరికి మూడో పేజీలోని మాటలు ఆమె నోట్లోంచి వస్తున్నాయి. పుస్తకం మాత్రం రెండో పేజీలోనే ఉంది.

నేను పుస్తకం తీసుకుని తొమ్మిదో అధ్యాయం తెరిచి ఇచ్చాను. ఏ ఊరి నుంచి ఎవరు ఈరన్న దగ్గరికి ఏ మొక్కుతో వచ్చారో తాత అందులో వరసగా రాశాడు. అన్నీ ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు. కంఠతా ఉన్నదాంతో నెట్టుకురావడం, ఊహించి చదవడం కుదరదు.

"ఈడ చదువు."

"పరీక్ష పెడతాండావేమిరా నాకు? ముప్పై ఏండ్లు పరీక్షలు పెట్టినదాన్ని."

"చదువు పెద్దమ్మా."

పుస్తకం దూరం పెట్టింది. దగ్గరికి తెచ్చింది. లేచి కిటికీ దగ్గరికి పోయింది. "గోనెగండ్ల నుంచి..." అని ఆగింది. "కో... కోడు..." మళ్లీ ఆగింది. కోడుమూరని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"నల్లగింజలు సల్లినట్లు కనపడతాండాయిరా," అంది చివరికి. "గుండ్రాల అడుగులు కనపడతాండాయి. ఒకదాంతో ఒకటి కలిసేది కనపడలేదు. యాడికాడ తెగిపోయినట్లుండాయి."

ఏడాది కష్టం ఒక్క మాటతో పోయింది. నాకు ఒళ్లు మండింది. "ఆపరేషన్ చేయించుకోమని రెండేండ్లుగా మొత్తుకుంటాండా. తప్పు నీ కంట్లో ఉండాది పెద్దమ్మా, నా అక్షరంలో లేదు."

ఆమె పుస్తకం మూసింది. మూసిన పుస్తకాన్ని మిగతా వాటి పైన, అంచులు కలిసేలా సర్ది పెట్టింది.

"కన్ను నాదేలేరా. మరి పుస్తకం ఎవరి కోసం వేయించినావు?"

చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఎవరో ఒకరిది తప్పు కావాలి. ఆమెది కాకపోతే ప్రెస్సుది. సిరా తక్కువ వేసి ఉంటారు అనుకుంటూ తెల్లారి ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడవునా ఆయనను ఏమేం అడగాలో వరస పెట్టుకున్నాను. తొమ్మిది ప్రశ్నలు తేలాయి.

మొదటిది అడగ్గానే యజమాని లేచి, నేను తిరిగిచ్చిన బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులోంచి సీసపు శ్రీని తీసి, స్టాంపు ప్యాడ్ మీద అద్ది, ఒక కాగితం మీద గట్టిగా ఒత్తాడు. పక్కనే నా పుస్తకంలోని మొదటి పేజీ తెరిచి పెట్టాడు.

"కొలువు," అన్నాడు. "నీ యంత్రం ఉండాది గదా సంచీలో."

స్కేలున్న భూతద్దం తీసి కొలిచాను. సీసం మీద ఇరవై నాలుగు ఉన్న గీత కాగితం మీద నలభై ఐదు వచ్చింది. ఇంకోసారి ఒత్తమన్నాను. నలభై ఆరు. మూడోసారి నలభై నాలుగు.

"సీసం కాగితాన్ని కరుస్తాది సామీ. సిరా పక్కలకు పాకుతాది. ఆ అక్షరాలు సెక్కినోళ్లకు ఆ సంగతి తెలుసు. పాకినాక ఎంత కావాల్నో అంతకు సరిపోయేట్ల సన్నంగ సెక్కినారు. ఆఫ్‌సెట్లో సిరా పాకదు. యాడ పెడితే ఆడ కూసుంటాది. నువ్వు సీసాన్ని కొలిచినావు. కొలవాల్సింది మీ తాత పుస్తకాన్ని."

నేను మురికి అనుకుని తుడిచేసిందే అసలు అక్షరం. ఇంజనీరింగు చదివి, భూతద్దం పట్టుకుని, మిల్లీమీటరులో పదో వంతు కొలిచి మరీ చేసిన తప్పు. చదువు లేనివాడు ఈ తప్పు చెయ్యలేడు. చెయ్యడానికి వాడి దగ్గర సామాను ఉండదు.

"ముందే ఎందుకు చెప్పలేదన్నా?" అని అరిచాను.

"సెప్తాంటే యాడ ఇన్నావప్పా? నా పెండ్లి ఫోటో మీద పడితివి."

కంప్యూటరు అమ్మాయి లేచి వెళ్లి, ఎవరివో పెళ్లిపత్రికల కట్టకు చుట్టిన కాగితం విప్పి తెచ్చి నా ముందు పెట్టింది. నేను బల్ల మీద కొట్టిన ప్రూఫే అది. గీత చుట్టినది, సాగదీసినది, కలశాలున్నది. పావు పాయింటు గీత చుడితే పన్నెండు పాయింట్ల అక్షరంలో ఎంత కలుస్తుందో అక్కడే లెక్క వేశాను. ఇరవై ఒకటి యూనిట్లు. ఇరవై నాలుగుకు ఇరవై ఒకటి కలిపితే నలభై ఐదు. ఆయన లెక్క వెయ్యలేదు. స్క్రీను మీద చూసి, ఇంత ఉండాలి అనుకుని చుట్టించాడు. నాకు ఆయన మీద అంతకు ముందు కంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కాగితం మడిచి ఆదోనికి పట్టుకుపోయాను. అందులో పుస్తకం పేరున్న పేజీతో పాటు తొమ్మిదో అధ్యాయం ముక్క కూడా ఉంది. పెద్దమ్మ అన్నం పెట్టింది, అంతే. కాగితం ఆమె ముందు పెట్టి పక్కకు జరిగాను. మజ్జిగ గిన్నె చేతిలో పట్టుకుని, నిలబడే ఉండి చదివేసింది. "గోనెగండ్ల నుంచి పశువుల మొక్కుతో గొల్లవారు, కోడుమూరు నుంచి..." మొత్తం అన్ని ఊళ్లూ, అన్ని ఇళ్లూ. ఒక్క చోట ఆగలేదు. నా జీవితంలో చూసిన అతి వికారమైన పేజీ అది. ఆమె దాని పూలతీగను కూడా చదివేసేలా ఉంది.

"ఇది ఎవురు రాసినారు?" అంది.

"ఎవరూ రాయలేదు. చెడిపోయిన కాగితం అది."

"చెడిపోయిందే బాగుండాదిరా," అని వంటింట్లోకి పోయింది.

నిజానికి అది కూడా సరైంది కాదు. చుట్టూ గీత చుడితే సన్నగీతతో పాటు లావుగీత కూడా లావెక్కుతుంది. ఘ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అందుకని కూర్చుని ఫాంటునే మార్చాను. సన్నగీతలు నలభై ఐదు చేశాను. లావుగీతను తొంభై ఆరు దగ్గరే ఉంచాను. లోపలి ఖాళీలు కొంచెం తెరిచాను, కలిసే చోట్ల గీత తెగకుండా చూశాను. సన్నగీత ఉన్న ప్రతి అక్షరాన్నీ, ప్రతి ఒత్తునూ మళ్లీ తాకాల్సి వచ్చింది. ఆదివారానికి అయింది. సూదిమొనలు పోయాయి. ఒక్కొక్కటీ మొద్దుబారుతుంటే నాకు పళ్లు కొరుక్కోవాలనిపించింది. నాలుగు వందల ఆకారాలు గీసుకున్నది ఇందుకా అని గొణుక్కుంటూనే చేశాను.

మళ్లీ మూడు వందలు అచ్చు వేసే సమయం లేదు. యజమాని తన ప్రింటరు మీద ఒక్క కాపీ తీసి, సోమవారం పొద్దున తానే సూదీ దారంతో కుట్టి, అట్ట అంటించి ఇచ్చాడు.

పెద్దమ్మ ఆ పుస్తకం తెరిచి, మూసి, అడిగింది. "నా ఒక్కదానికేనా?"

"నీ ఒక్కదానికే. మిగతావాళ్లకు అవి ఉన్నాయి గదా."

ఆమె నన్ను అదోరకంగా చూసి, పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుంది.

సాయంత్రం గుడి దగ్గరికి పోయేసరికి, వాకిలికి అడ్డంగా ఫ్లెక్సీ కట్టి ఉంది. శ్రావణ సోమవారం ఈరన్న కథకు స్వాగతం అని, కింద ప్రెస్సు పేరు. ఇరవై నాలుగు యూనిట్ల నా అక్షరం, ఒక్కొక్కటీ అడుగు ఎత్తు. సాగదీయలేదు. గీత చుట్టలేదు. నీడ లేదు. అడుగు ఎత్తులో ఆ సన్నగీత ఏడు మిల్లీమీటర్లుంటుంది, వీధి చివర్నుంచి కూడా కనిపిస్తుంది. తలకట్లు సూదిమొనల్లా లేచి ఆగాయి. గుండ్రాలు ఊపిరి తీసుకుంటున్నాయి. ఏడాది పాటు స్క్రీను మీద నేను చూసుకున్నది, చూసుకున్నట్టే అక్కడ ఉంది. వాడకూడని చోట్ల మొదటిది, కింద రెండు గీతలు కొట్టినది, ఫ్లెక్సీ. చింపేయాలన్నంత కోపం వచ్చింది. ఎక్కడ చింపాలో తోచలేదు, ఎక్కడ చూసినా తప్పు లేదు.

లోపల ముప్పై మంది దాకా ఆడవాళ్లున్నారు. నేను వెనక స్తంభం దగ్గర కూర్చున్నాను. చాలామంది చేతుల్లో అచ్చయిన పుస్తకాలున్నాయి. పక్కింటి ఆమె పెద్దమ్మ ఎడమవైపు కూర్చుంది. చెయ్యి చాచడానికి వీలైన చోటు అది.

ఒకామె కళ్లు మూసుకుని పెద్దమ్మ పుస్తకంలో బంతిపువ్వు దూర్చింది. ఆరో అధ్యాయం వచ్చింది. నేనెప్పుడూ ఆమెతో చదివించని అధ్యాయం అది. పెద్దమ్మ పుస్తకాన్ని మామూలు దూరంలో పట్టుకుంది. దగ్గరికి తేలేదు, దూరం పెట్టలేదు. మొదలుపెట్టింది.

అక్షరాలు గీసేవాడు ఎవరైనా చదువుతుంటే వినడు, చూస్తాడు. కళ్లు ఎక్కడ తడబడతాయో చూస్తాడు. ఆమె కళ్లు ఎక్కడా తడబడలేదు. వరస చివర్నుంచి వరస మొదటికి, ఒత్తులున్న చోట, పేజీ తిప్పే చోట. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చింది. దగ్గును మింగి చదివింది. పక్కింటి ఆమె కూడా తన పుస్తకంలో ఆరో అధ్యాయం తీసి వెంట చదవబోయింది. చెయ్యి చాచి దూరం పట్టుకుంది. దీపం వైపు తిప్పింది. కాసేపటికి దాన్ని ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చుంది. చుట్టూ చూశాను. పుస్తకాలు తెరిచినవాళ్లలో సగం మంది అదే చేశారు.

అధ్యాయం అయిపోయింది. పెద్దమ్మ పుస్తకం మూసి కళ్లకద్దుకుంది.

"అక్కా, మీ బుక్కు ఒకసారి ఇట్లియ్యండి," అంది పక్కింటి ఆమె. "నా దాంట్లో అక్షరాలు యాడుండాయో కనపడనే లేదు."

"ఇయ్యను," అంది పెద్దమ్మ. పుస్తకాన్ని రెండు చేతులా గుండెకు అదుముకుంది. "పోయినేడు ఇచ్చినా గదమ్మా. ఒకసారి చేతికి పోయిందంటే అది మళ్లీ రాదు."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. పక్కింటి ఆమె కూడా నవ్వింది. "సూసేకి మాత్రమే అడుగుతాండా అక్కా!"

"సూసేకైనా ఇయ్యను. అదో, ఆ స్తంభం దగ్గర మొహం మాడ్చుకుని కూర్చున్నాడే, వాన్ని అడుగు. అందానికి ఒకటి రాసినాడు, చదివేకి ఒకటి రాసినాడు. మీకంతా అందం ఇచ్చినాడు. చదివేది కావాలంటే ఇంకోటి చేసిస్తాడు."

ముప్పై తలలు నావైపు తిరిగాయి. ఆ పుస్తకం నాకంటే నాకని కొందరు, మా అత్తకు కూడా అని ఒకామె, గుడిలో ఉంచేదానికి ఒకటి అని ఇంకొకామె. నేను గీసిన దానిలో అన్నిటికంటే మొద్దుగా ఉన్న అక్షరం కోసం పోట్లాడుతున్నారు. కట్టలు కట్టలుగా పడి ఉన్న ఆ మూడు వందల కాపీల గురించి ఎవరూ అడగలేదు. వాటిలో ఒక్క గీత కూడా చెదరలేదని చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలి?

జేబులో మడత పెట్టిన ప్రూఫు కాగితం ఉంది. దాని వెనక వైపు ఖాళీగా ఉంది. మోకాలి మీద పరిచి, పైన నలభై ఐదు యూనిట్ల పుస్తకాలు అని రాసి కింద గీత కొట్టాను. ఒకటి అని వేసి, అంతకంటే గట్టిగా నొక్కి, పక్కింటి ఆమె అని రాశాను. పెన్ను కాగితంలోకి దిగబడింది.